పడమటి గోడ వెనుక ఏముంది? జెరూసలేంపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. గత సంచికలో జెరూసలేం పడమటి గోడ ముందు నిలబడి ప్రార్థిస్తున్న యూదుల ఫొటో ఒకటి అచ్చయింది. దానిని చూసి హనుమకొండ మొదలు మంచిర్యాల దాకా పలువురు తమ సందేహాలు రాసి పంపారు. ఒకే సందేహం నలుగురైదుగురికి కలిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాం.

ప్రశ్న: మన ఓరుగల్లు కోటలో స్వయంభూదేవుని గుడి పోయి నాలుగు తోరణాలు నిలిచినట్టే, అక్కడ కూడా ఆలయం కూలి ఒక గోడ మిగిలిందని అనుకోవచ్చునా? ఆ గోడను ఎవరు కట్టించారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: అయ్యా, మీ పోలిక సగం దూరం వరకే వస్తుంది. కోటలోని తోరణాలను చూసి మురిసిపోతాం, వాటి ముందు ఫొటో దిగుతాం, రాష్ట్ర చిహ్నంలోనూ పెట్టుకున్నాం. కానీ వాటికి ఎవరూ మొక్కరు. జెరూసలేంలో మాత్రం లోకం నలుమూలల నుంచి వచ్చిన యూదులు ఆ రాళ్లకు నుదురు ఆనించి ప్రార్థిస్తారు. అయినా ఆ గోడ ఆలయపు గోడ కాదు, ఆలయంలోని ఏ గదికీ అది హద్దు కూడా కాదు. ఆలయం నిలిచిన గుట్టను చుట్టి, మట్టి జారకుండా ఆపి, పైన చదునైన వేదికను నిలబెట్టడానికి కట్టిన గోడ అది. మన ఇంజినీర్లు రిటైనింగ్ వాల్ అనేది అదే.

ఆ గుట్ట మీద మొదటి ఆలయాన్ని సొలొమోను రాజు కట్టించాడని యూదుల గ్రంథం చెబుతుంది. దానిని క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు సేనలు తగులబెట్టి ప్రజలను చెరపట్టుకుపోయాయి. పర్షియా చక్రవర్తి కోరెషు అనుమతితో తిరిగివచ్చినవారు అదే చోట రెండవ ఆలయాన్ని కట్టి క్రీ.పూ. 515 ప్రాంతంలో ముగించారు. అది వైభవంలో మొదటిదానికి సాటిరాలేదు. ఐదు వందల ఏళ్ల తరువాత, రోమన్ల అండతో రాజ్యమేలిన హేరోదు, క్రీ.పూ. 20 ప్రాంతంలో దానిని పునర్నిర్మించడానికి పూనుకున్నాడు. ఆలయానికి చోటు చాలదని గుట్ట చుట్టూ బ్రహ్మాండమైన గోడలు లేపి, లోపల కమానులు కట్టి, మట్టి నింపి, వేదికను సుమారు 36 ఎకరాలకు పెంచాడు. ఆ నాలుగు గోడల్లో పడమటిది 488 మీటర్ల పొడవు. ఇప్పుడు ప్రార్థనలు జరిగే భాగం అందులో దాదాపు 60 మీటర్లు. మిగిలినదానిలో చాలా భాగం పాతనగరపు ఇళ్ల వెనుకా, భూమి కిందా దాగి ఉంది.

గోడ దగ్గరికి వెళ్లి చూస్తే అది ఒక్కనాటిది కాదని కంటికే తెలుస్తుంది. నేల మీద కనిపించే 28 వరుసల్లో కింది ఏడు మాత్రమే హేరోదు నాటివి. వాటి రాళ్లు ఒక్కొక్కటి మీటరు ఎత్తు ఉంటాయి, ప్రతి రాతికీ అంచు చుట్టూ నున్నగా చెక్కిన పట్టీ, నడుమ కొంచెం ఉబ్బెత్తుగా వదిలిన ముఖం ఉంటాయి. సున్నం, గచ్చు ఏదీ వాడలేదు. రాతి బరువే రాతిని పట్టి ఉంచుతుంది. పైకి వెళ్లిన కొద్దీ ప్రతి వరుసనూ కింది వరుస కంటే రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి జరిపి పేర్చారు. లోపలి మట్టి ఒత్తిడికి గోడ ముందుకు ఒరగకుండా నిలిచిందంటే ఆ జాగ్రత్త వల్లనే. ఆ పైని నాలుగు వరుసల పెద్ద రాళ్లు తొలి ముస్లిం పాలకులైన ఉమయ్యద్‌ల కాలానివి. వాటి మీది చిన్న రాళ్లు ఒట్టోమాన్ తురుష్కుల కాలంలో పేర్చినవి. 1866లో మోజెస్ మాంటిఫియోరీ అనే ఆంగ్ల యూద ధనికుడు వేయించాడని చెప్పుకుంటారు. చిట్టచివరి మూడు వరుసలు 20వ శతాబ్దంలో జెరూసలేం ముస్లింల మతపెద్ద అయిన ముఫ్తీ వేయించినవి. భూమి కింద మరో 17 వరుసలు ఉన్నాయి. ప్రార్థనా స్థలానికి ఉత్తరాన ఉన్న సొరంగంలో గోడ పొడవునా నడవవచ్చు. అక్కడ 13 మీటర్లకు పైగా పొడవున్న ఒకే రాయి ఉంది. దాని బరువు వందల టన్నులు.

ఒక మాట చేర్చాలి. గోడ మొత్తాన్ని హేరోదే ముగించాడని చాలాకాలం అనుకున్నారు. 2011లో గోడ నైరుతి మూల పునాది కింద, పూడ్చివేసిన ఒక పాత స్నానగుండంలో, రోమన్ అధికారి వలేరియస్ గ్రాటస్ క్రీ.శ. 17–18లో వేయించిన నాణేలు దొరికాయి. హేరోదు క్రీ.పూ. 4లోనే చనిపోయాడు. అంటే ఆయన పోయిన ఇరవై ఏళ్లకు కూడా ఆ మూలలో పునాది రాళ్లు పడుతూనే ఉన్నాయి. "ఈ దేవాలయము నలువదియారు ఏండ్లు కట్టిరే" అని యోహాను సువార్తలో యూదులు యేసుతో అనే మాటను ఈ నాణేల పక్కన పెట్టి చదివితే, ఒక పురాతన గ్రంథంలోని చిన్న వాక్యం ఎంత నిక్కచ్చిగా ఉండగలదో అర్థమవుతుంది.

ప్రశ్న: రాయి మీద రాయి నిలువకుండా పడద్రోయబడునని ప్రభువు చెప్పినట్టు మార్కు సువార్త 13వ అధ్యాయంలో ఉంది. మరి ఆ గోడ నేటికీ నిలిచి ఉన్నదెలా? మా సంఘంలో దీనిమీద పెద్ద చర్చే జరిగింది.
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అమ్మా, ఆ అధ్యాయం మొదటి రెండు వచనాలను మళ్లీ ఒకసారి చదవండి. ఆలయంలో నుంచి బయటికి వస్తూ శిష్యుడు చూపించింది "కట్టడములు". ఆ మాట వేదిక మీది ఆలయానికీ, దాని మండపాలకూ, ప్రాకారాలకూ చెందుతుందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. వేదిక మీది ఆ కట్టడాల్లో ఏదీ మిగలలేదన్నది చరిత్ర. క్రీ.శ. 70లో, నాలుగేళ్ల యూద తిరుగుబాటు తరువాత, రోమన్ సేనాని తీతు నగరాన్ని పట్టుకున్నప్పుడు ఆలయం తగులబడింది. సైనికులు మిగిలినదాన్ని పడగొట్టారు. కింద గుట్టను పట్టి ఉంచిన గోడలను పునాదులతో పెళ్లగించడం వారికి సాధ్యమయ్యే పని కాదు, అవసరమూ కాదు.

పడద్రోసిన రాళ్లను ఇప్పటికీ చూడవచ్చు. ప్రార్థనా స్థలానికి దక్షిణాన, 1838లో అమెరికన్ పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ గుర్తించిన కమాను మొదలు ఒకటి గోడలో నుంచి పొడుచుకువచ్చి కనిపిస్తుంది. దాని కింద హేరోదు వంశం నాటి రాతి వీధి బయటపడింది. ఆ వీధి మీద, పైనుంచి తోసేసిన పెద్ద పెద్ద రాళ్లు పడిన చోటనే గుట్టగా ఉన్నాయి. వాటి బరువుకు కింద పరచిన బండలు పగిలి కుంగిపోయాయి. తవ్వినవారు కొన్నింటిని తీసి వీధిని శుభ్రం చేసి, కొంత కుప్పను ఉన్నదున్నట్టు వదిలేశారు. 1967 తరువాత బెంజమిన్ మజార్ అనే పురావస్తు శాస్త్రవేత్త జరిపిన తవ్వకాల్లో ఆ మూలన ఒక మూలరాయి దొరికింది. దాని మీద హెబ్రూలో "బాకా ఊదు చోటికి" అని చెక్కి ఉంది, తరువాతి అక్షరాలు విరిగిపోయాయి. విశ్రాంతిదినం మొదలవుతోందని ఊరికి తెలిపేందుకు యాజకుడు నిలబడి బాకా ఊదిన శిఖరం అదే అయి ఉంటుంది. మీ సంఘం నుంచి ఎవరైనా యాత్రకు వెళితే, గోడ దగ్గర నుంచే తిరిగి రాకుండా ఈ వీధిని తప్పక చూడమని చెప్పండి. సంఘంలో జరిగిన చర్చకు అక్కడి రాళ్లే సమాధానం చెబుతాయి.

ప్రశ్న: ఆలయంలో భాగమే కాని గోడకు అంత పవిత్రత ఎలా వచ్చింది? పైన అసలు స్థలం ఉండగా యూదులు కింద గోడ దగ్గరే ఎందుకు ఆగిపోతారు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో అసలు ప్రశ్న ఇదే. క్లుప్తంగా చెప్పాలంటే, పవిత్రత గోడది కాదు, గోడ వెనుక ఉన్న స్థలానిది. గోడ ఆ స్థలానికి అత్యంత సమీపంగా వెళ్లగలిగిన చోటు.

యూదుల విశ్వాసంలో ఆ గుట్ట మోరీయా పర్వతం. అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకును బలిగా అర్పించడానికి తీసుకువెళ్లిన మోరీయా దేశమూ, సొలొమోను ఆలయం కట్టిన మోరీయా పర్వతమూ ఒకటేనని సంప్రదాయం. ఆలయం లోపల అన్నింటికంటే లోపలి గది అతి పరిశుద్ధ స్థలం. మొదటి ఆలయంలో అక్కడ పది ఆజ్ఞల పలకలున్న మందసం అనే పెట్టె ఉండేది. రెండవ ఆలయంలో మందసం లేదు, ఆ గది ఖాళీ గది. అందులో నేల మీద మూడు వేళ్ల ఎత్తున ఒక రాయి మాత్రం ఉండేదని, సృష్టికి పునాది ఆ రాయేనని మిష్నా, తాల్ముదు గ్రంథాల్లో రాసుకున్నారు. ఏడాదికి ఒక్క రోజు, ప్రాయశ్చిత్త దినాన, ప్రధాన యాజకుడు ఒక్కడే లోపలికి వెళ్లి ఆ రాతి మీద ధూపార్తిని పెట్టేవాడు. మరెవరికీ, మరే రోజూ ప్రవేశం లేదు.

జనం మాత్రం ఏడాదికి మూడుసార్లు జెరూసలేంకు రావాలని ధర్మశాస్త్రం విధించింది: వసంతంలో పస్కాకు, ఏడు వారాల తరువాత వచ్చే వారాల పండుగకు, పంటలు ఇంటికి చేరాక పర్ణశాలల పండుగకు. తెలుగు బైబిల్లో 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేను కీర్తనలకు "యాత్రకీర్తన" అన్న శీర్షిక కనిపించేది అందుకే. అవి కొండ ఎక్కుతూ పాడుకున్నవని సంప్రదాయం. ఆలయం పోయినా ఆ మూడు పండుగల లెక్క పోలేదు. పస్కా సాగే రోజుల్లోనూ, పర్ణశాలల పండుగ సాగే రోజుల్లోనూ ఇప్పటికీ గోడ ముందు వందల మంది యాజక వంశీయులు ప్రార్థన శాలువాలు తలమీదుగా కప్పుకుని, చేతులు చాచి జనాన్ని ఆశీర్వదిస్తారు. ఆ ఆశీర్వాదం కోసం వేలాది మంది వస్తారు.

పైకి ఎందుకు వెళ్లరన్నది ఈ నియమాల నుంచే పుడుతుంది. శవాన్ని తాకినవారికీ, శవమున్న ఇంట్లోకి వెళ్లినవారికీ అశుచి అంటుకుంటుందని, ఎర్రని పెయ్య బూడిద కలిపిన నీటితోనే అది పోతుందని సంఖ్యాకాండం 19వ అధ్యాయం చెబుతుంది. ఆలయంతోపాటు ఆ విధానమూ ఆగిపోయింది. కాబట్టి నేటి యూదులందరూ అశుచితోనే ఉన్నారని, తెలియక అతి పరిశుద్ధ స్థలం ఉన్న చోట అడుగు పెట్టే ప్రమాదం ఉన్నదని, అందుచేత గుట్ట మీదికి ఎవరూ ఎక్కరాదని ఇజ్రాయెల్‌లోని ప్రధాన రబ్బీల, అంటే యూద మతగురువుల, మండలి 1967 నుంచీ చెబుతోంది. పైకి వెళ్లే దారి మొదట్లోనే ఆ మేరకు బోర్డు పెట్టి ఉంది. దీనితో ఏకీభవించని రబ్బీలు కొందరు ఉన్నారు, వారి మాట విని పైకి వెళ్లేవారి సంఖ్య ఈమధ్య పెరుగుతోంది. అయినా నిష్ఠగల యూదుల్లో చాలామంది గోడ దగ్గరే ఆగిపోతారు. ఒకనాడు యూదేతరులు లోపలి ప్రాకారం దాటితే మరణమేనని గ్రీకు భాషలో హెచ్చరిక చెక్కిన రాయి ఉండేది; 1871లో దొరికిన ఆ రాయి ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. క్రైస్తవ బోధకుడైన పౌలు గ్రీకువాణ్ణి లోపలికి తెచ్చాడని బైబిల్లోని అపొస్తలుల కార్యములలో గొడవ జరిగింది ఆ హద్దు మీదనే. ఈనాడు విదేశీ యాత్రికుడు అనుమతించిన వేళల్లో పైకి వెళ్లి తిరిగి రాగలడు, నిష్ఠాపరుడైన యూదుడు మాత్రం కిందే ఉండిపోతాడు. చరిత్రలో ఇంత పూర్తిగా తారుమారైన హద్దులు తక్కువ.

"దైవసాన్నిధ్యం పడమటి గోడను ఎన్నడూ విడిచిపోలేదు" అన్న మాట ప్రాచీన యూద వ్యాఖ్యాన గ్రంథాల్లో ఉంది. గోడకు గౌరవం రావడంలో ఆ వాక్యానికి పెద్ద పాత్ర ఉంది. మొదట ఆ మాట ఆలయపు సొంత పడమటి గోడను ఉద్దేశించి చెప్పిందని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గోడ నేలమట్టమయ్యాక, మాట వచ్చి ఈ గోడ మీద నిలిచింది. అతి పరిశుద్ధ స్థలం ఆలయానికి పడమటి కొసన ఉండేది కనుక, గుట్టను చుట్టిన నాలుగు గోడల్లో దానికి దగ్గరైనది ఇదే.

ఇక దుఃఖం సంగతి. రెండు ఆలయాలూ అవ్ మాసం తొమ్మిదవ రోజునే నాశనమయ్యాయని యూదులు పాటిస్తారు. వారిది మనలాగే చంద్రుని లెక్కను సూర్యునితో సరిచూసే పంచాంగం, అధికమాసాలు కూడా ఉంటాయి. జులై–ఆగస్టుల్లో అమావాస్య తరువాత వచ్చే నవమి అన్నమాట. ఆ రోజు సూర్యాస్తమయం నుంచి మరునాటి రాత్రి దాకా ఉపవాసం ఉండి, తోలు చెప్పులు వదిలి, నేల మీద కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. గోడను మొదటిసారి చూసినవారు, లేదా నెల రోజులకు పైగా చూడక మళ్లీ వచ్చినవారు, తండ్రి చనిపోయినప్పుడు చేసినట్టే చొక్కా అంచును చింపుకోవాలన్న నియమం ఉంది. పెళ్లిలో వరుడు కాలితో గాజు గ్లాసు పగలగొట్టేదీ, కొత్త ఇంట్లో గుమ్మానికి ఎదురుగా గోడలో మూరెడు మేర సున్నం వేయకుండా వదిలేదీ ఆలయాన్ని తలచుకునే. బయటివారు దీనిని "ఏడ్పుల గోడ" అన్నది ఈ దుఃఖాన్ని చూసే. యూదులు మాత్రం "కోటెల్" అని, అంటే గోడ అని, ఊరుకుంటారు.

ప్రశ్న: క్రీ.శ. 70 నుంచి అక్కడ ప్రార్థనలు ఆగకుండా జరుగుతున్నాయా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: లేదు. క్రీ.శ. 135లో రెండవ పెద్ద తిరుగుబాటును అణచిన హడ్రియన్ చక్రవర్తి నగరం పేరునే మార్చి, యూదులకు ప్రవేశం నిషేధించాడు. 333లో ఫ్రాన్సు ప్రాంతపు బోర్డో నుంచి వచ్చిన ఒక క్రైస్తవ యాత్రికుడు, యూదులు ఏడాదికోసారి వచ్చి ఆలయ స్థలంలోని రంధ్రమున్న ఒక రాతికి నూనె పూసి, బట్టలు చింపుకుని ఏడ్చి వెళ్లిపోతారని రాశాడు. అది గోడ కాదు, గుట్ట మీది రాయి. 7వ శతాబ్దంలో ముస్లింల పాలన వచ్చాక యూదులు మళ్లీ నగరంలో కాపురముండగలిగారు. 691–92లో ఖలీఫా అబ్దుల్ మలిక్ గుట్ట నడుమన బంగారు గుమ్మటం కింద ఇప్పటికీ కనిపించే కట్టడాన్ని లేపాడు. 12వ శతాబ్దంలో స్పెయిన్ నుంచి వచ్చిన యూద యాత్రికుడు, తుదేలా ఊరి బెన్యామీను, పడమటి గోడ పేరెత్తి అక్కడ యూదులు ప్రార్థిస్తారని రాశాడు, కానీ ఆయన చూసింది ఈ భాగమేనా అన్న వాదం ఉంది. ఇప్పటి చోటు స్థిరపడింది 16వ శతాబ్దంలో, ఒట్టోమాన్ సుల్తాను సులేమాన్ కాలంలో. నగరపు కోటగోడలను 1537–41 నడుమ కట్టించిన ఆయనే యూదులకు అక్కడ ప్రార్థించుకునే వీలు కల్పించాడని యూదులు కృతజ్ఞతతో చెప్పుకుంటారు. ఆ వీలు పెద్దదేమీ కాదు: 28 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒక సందు.

ప్రశ్న: మా పెద్దలు దానిని బురాఖ్ గోడ అంటారు. మరి అది ఎవరిది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మీ పెద్దలు చెప్పింది ముస్లిం సంప్రదాయం. మేరాజ్ రాత్రి ప్రవక్త ముహమ్మద్ మక్కా నుంచి జెరూసలేం వచ్చి, తన వాహనమైన బురాఖ్‌ను ఆ గోడ దగ్గర కట్టి, అక్కడి నుంచి ఆకాశానికి వెళ్లారని వారి విశ్వాసం. గోడకు పైన ఉన్న మొత్తం ప్రాంగణం ముస్లింలకు హరమ్ షరీఫ్, అల్ అక్సా. గోడకు ఎదురుగా ఉన్న బస్తీని 1193లో సలాహుద్దీన్ కొడుకు అల్ అఫ్జల్, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చే యాత్రికుల కోసం వక్ఫ్ చేశాడు. కాబట్టి ఒకే గోడకు అటు, ఇటు రెండు విశ్వాసాలు ఆనుకుని ఉన్నాయి.

బ్రిటిష్‌వారి కాలంలో ఇది రక్తపాతానికి దారి తీసింది. 1928 ప్రాయశ్చిత్త దినాన స్త్రీ పురుషుల నడుమ యూదులు పెట్టుకున్న ఒక తెరను పోలీసులు లాగేయడంతో మొదలైన వివాదం, మరుసటి ఆగస్టు నాటికి దేశమంతా అల్లర్లుగా మారి, 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు. నానాజాతి సమితి ఆమోదంతో స్వీడన్, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ దేశస్థులు ముగ్గురితో వేసిన సంఘం 1930లో తీర్పు చెప్పింది: గోడా, దాని ముందున్న నేలా వక్ఫ్ ఆస్తి, యూదులకు ఎప్పుడైనా వచ్చి ప్రార్థించుకునే హక్కు ఉంది, పొట్టేలు కొమ్ము బాకాను మాత్రం అక్కడ ఊదరాదు. ఆ నిషేధాన్ని ధిక్కరించి ప్రతి ఏటా ప్రాయశ్చిత్త దినం చివర ఎవరో ఒక యువకుడు దొంగచాటుగా బాకా ఊది జైలుకు వెళ్లేవాడు.

1948 నుంచి 1967 దాకా పాతనగరం జోర్డాన్ చేతిలో ఉంది. పవిత్ర స్థలాలకు రాకపోకలుండాలని 1949 యుద్ధవిరమణ ఒప్పందంలో రాసుకున్నా, ఆ 19 ఏళ్లూ యూదులను గోడ దగ్గరికి రానివ్వలేదు. 1967 జూన్ 7న ఇజ్రాయెల్ సేనలు గోడను చేరుకున్నాయి. మూడు రోజులు తిరక్కుండానే, జూన్ 10 రాత్రి, ఎదురుగా ఉన్న బస్తీలోని 135 ఇళ్లను కూల్చి మైదానం చేశారు. ఇవాళ యాత్రికులు నిలబడే విశాలమైన స్థలం ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆ బస్తీయే. పందొమ్మిదేళ్లు గోడకు దూరమైనవారి బాధను చెప్పేవారు ఆ ఇళ్ల సంగతి కూడా చెప్పాలని మా అభిప్రాయం. పైన ప్రాంగణపు నిర్వహణ ఇప్పటికీ జోర్డాన్ అండనున్న వక్ఫ్ మండలిది, భద్రత ఇజ్రాయెల్‌ది. తూర్పు జెరూసలేంను ఐక్యరాజ్యసమితి ఆక్రమిత ప్రాంతంగానే చూస్తుంది. మన రామప్ప 2021లో చేరిన యునెస్కో జాబితాలో జెరూసలేం పాతనగరం 1981లో, జోర్డాన్ ప్రతిపాదన మీద చేరింది. మరుసటి ఏడు నుంచి ప్రమాదంలో ఉన్న స్థలాల పట్టికలోనే ఉంది.

ప్రశ్న: గోడ సందుల్లో పెట్టే చీటీలను తరువాత ఏం చేస్తారు?
– ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: ఏడాదికి రెండుసార్లు, పస్కాకు ముందూ, యూదుల కొత్త సంవత్సరానికి ముందూ, గోడ బాధ్యత చూసే రబ్బీ పర్యవేక్షణలో సన్నని కర్రలతో వాటిని సందుల్లో నుంచి తీసి, సంచుల్లో నింపి, ఒలీవల కొండ మీది శ్మశానంలో పూడ్చిపెడతారు. దేవుని పేరున్న కాగితాన్ని కాల్చరు, చెత్తలో వేయరు. ఎవరి చీటీనీ చదవరాదన్నది నియమం. 2000 మార్చిలో పోప్ రెండవ జాన్ పాల్ పెట్టిన చీటీ మాత్రం ఈ దారిన పోలేదు. యూదులు శతాబ్దాలుగా పడిన బాధలకు దేవుని క్షమాపణ కోరుతూ రాసిన ఆ కాగితాన్ని భద్రపరిచారు. మరో చిన్న విశేషం. గోడ పై వరుసల సందుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆఫ్రికా నుంచి వచ్చే ఒక జాతి వలస పక్షులు గూళ్లు కడతాయి. రాళ్లను మరమ్మతు చేసేటప్పుడు ఆ సందులను మూయకుండా వదిలేస్తారు.

ప్రశ్న: మా చర్చి వాళ్లతో కలిసి యాత్రకు పోవాలని అనుకుంటున్నాను. యూదులు కానివారిని, అందులోనూ ఆడవారిని గోడ దగ్గరికి రానిస్తారా? ఏ జాగ్రత్తలు పాటించాలి?
– ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: అందరినీ రానిస్తారమ్మా. టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ప్రవేశంలో భద్రతా తనిఖీ ఉంటుంది. స్త్రీలకూ పురుషులకూ విడివిడి భాగాలు ఉన్నాయి, నడుమ అడ్డుతెర ఉంటుంది. స్త్రీల భాగం బాగా ఇరుకు. మగవారు తల కప్పుకోవాలి, టోపీ లేకుంటే అక్కడే ఇస్తారు. చీర, పంజాబీ డ్రెస్సు దేనికీ అభ్యంతరం లేదు, భుజాలు మాత్రం కప్పుకుని ఉండాలి. ప్రార్థన ముగిశాక గోడకు వీపు పెట్టకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి తరువాత తిరగడం అక్కడి ఆచారం, మీరూ పాటిస్తే మంచిది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఫొటోలు తీయరాదు, చీటీ రాయరాదు; ఫోను తీస్తే ఎవరో ఒకరు వచ్చి తప్పక వారిస్తారు. సందడి చూడాలంటే సోమవారం గానీ గురువారం గానీ ఉదయం వెళ్లండి. ఆ రెండు రోజులూ ధర్మశాస్త్ర పఠనం ఉంటుంది కనుక, పదమూడేళ్లు నిండిన మగపిల్లలను మేళతాళాలతో తెస్తారు. తల్లులు, అమ్మమ్మలు అడ్డుతెర ఇవతల కుర్చీలెక్కి తొంగిచూస్తూ పిల్లవాడి మీదికి మిఠాయిలు విసురుతారు.

ఆ కుర్చీల వెనుక ఒక వివాదం కూడా ఉంది. స్త్రీలు ఆ భాగంలో ప్రార్థన శాలువా కప్పుకుని, ధర్మశాస్త్రపు చుట్టను పట్టి, గొంతెత్తి చదవడాన్ని ఛాందసులు ఒప్పుకోరు. 1988 నుంచీ కొందరు యూద స్త్రీలు ప్రతి నెలా మొదట్లో వచ్చి పట్టుదలగా అదే పని చేస్తున్నారు. స్త్రీ పురుషులు కలిసి ప్రార్థించే భాగాన్ని దక్షిణాన విస్తరించాలని 2016లో కుదిరిన ఒప్పందాన్ని ప్రభుత్వం మరుసటి ఏడు నిలిపివేసింది. ఇక ప్రయాణపు తేదీలు ఖాయం చేసే ముందు, ఆ ప్రాంతపు పరిస్థితిపై మన విదేశాంగ శాఖ సూచనలను చూసుకోండి. అడ్వాన్సు కట్టేటప్పుడు, యాత్ర రద్దయితే డబ్బు ఎంత తిరిగి వస్తుందో కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: జెరూసలేంలో సరే, మన దేశంలోని యూదులు ఏ దిక్కుకు తిరిగి ప్రార్థిస్తారు?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఎక్కడున్నా జెరూసలేం వైపు, జెరూసలేంలో ఉంటే ఆలయ స్థలం వైపు తిరగాలన్నది నియమం. బబులోను చెరలో ఉన్న దానియేలు యెరూషలేము తట్టున్న కిటికీలు తెరిచి రోజుకు మూడుసార్లు ప్రార్థించాడని గ్రంథంలో ఉంది. ఐరోపా యూదులు తూర్పుకు తిరుగుతారు, మన దేశంలోనివారు పడమరకు. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగాగులో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో, ధర్మశాస్త్రపు చుట్టలను ఉంచే అలమర పడమటి గోడకే ఉంటుంది. తొలినాళ్లలో ముస్లింల ఖిబ్లా, అంటే ప్రార్థనలో తిరిగే దిక్కు, కూడా జెరూసలేమే, క్రీ.శ. 624లో అది మక్కాకు మారింది. కాజీపేట నుంచి చూస్తే రెండూ పడమటి దిక్కునే ఉన్నా, జెరూసలేం మక్కా కంటే మరికొంత వాయవ్యానికి ఒరిగి ఉంటుంది.